తడి ఉన్నంతసేపు

బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని, ఆమె తన చెంప రుద్దింది.

ఒంటి మీది చెంప కాదు. చెక్క మీది చెంప.

పచ్చరంగు కొంచెం కరిగి ఎరుపులోకి జారింది. వేలికి అంటింది. మళ్ళీ నాలుక... చేదు.

పచ్చకి చేదు రుచి. ఎరుపుకి తుప్పు రుచి. నీలం నోట్లో పెట్టుకుంటే సుద్దముక్క నాకినట్టే. ఏళ్ళ తరబడి ఫొటో స్టూడియోలో కుంచె మొనను పెదాల మధ్య సన్నం చేసుకున్న మనిషి ఆమె. ఏ రంగైనా ఆమెకు కంటికన్నా ముందు నోటికి తెలుస్తుంది.

అద్దంలో ఒక ముసలావిడ. చెక్క మీద ఒక ముసలావిడ.

అద్దంలో ఉన్నావిడకి రంగే లేదు. వయసు తినేసింది. చెక్క మీద ఉన్నావిడకి ఇద్దరి రంగూ ఉంది. నుదురు పసుపు. కళ్ళ కింద పచ్చ. చెవి మండిపోయే ఎరుపు. పెదాలు నీలం.

"ఎంత ధైర్యం ఆంటీ మీకు!" అంటుంది గ్యాలరీ అమ్మాయి, వచ్చిన ప్రతిసారీ. "తన ముఖాన్ని తనే ఇంత బోల్డ్‌గా వేసుకోవడం..."

ధైర్యమా?

ఇల్లంతా వెతికి దొరక్క, చివరికి పిండి డబ్బాలో కూడా చెయ్యి పెట్టి కెలికేవాళ్ళని ధైర్యవంతులని ఎవరూ అనరు.

ఆమె వెతుకుతోంది. పదహారు చెక్కల మీద వెతికింది. ఇది పదిహేడోది.

వెతుకుతున్నది తన రంగు కోసం కాదు. కూతురి రంగు కోసం.

*

స్టూడియోలో ఒక సీసా ఉండేది. దాని మీద చీటీ. చీటీ మీద ఒకే మాట — ముఖం.

పాలల్లో గులాబీరేకులు నలిపినట్టుండే రంగు. తెలుపు నలుపు ఫొటోలకు రంగులద్దే రోజులవి. బట్టలకు వేరే సీసాలు, పూలకు వేరే సీసాలు, ఆకాశానికి ఇంకోటి. ముఖాలకు మాత్రం ఈ ఒక్కటే. నల్లవాడికీ ఇదే. చామనఛాయ పిల్లకీ ఇదే. జబ్బు మనిషికీ ఇదే. పోయినవాళ్ళకీ ఇదే.

"ఉన్న రంగు కోసం మన దగ్గరికి ఎవరూ రారమ్మాయ్, లేని రంగు కోసం వస్తారు" అనేవాడు స్టూడియో పెద్దాయన.

నిజమే. ఊళ్ళో గోడలెక్కిన పెళ్ళికొడుకులంతా ఒక్క తల్లి బిడ్డల్లా ఉండేవారు. ఆ లెక్కన పెళ్ళికూతుళ్ళంతా వాళ్ళకి అక్కాచెల్లెళ్ళు కావాలి. ఎవరూ అడగలేదు. అందరూ మురిసిపోయారు.

పుల్లకి దూది చుట్టి, సీసాలో ముంచి, చెంప మధ్య పెట్టి, అంచులకి నెట్టుకుంటూ పోవాలి. అదీ పని. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. 'కళ్ళు మూసుకుని వేసేస్తుంది' అని చెప్పుకునేవారు. అది పొగడ్తే. ఆమె కూడా పొగడ్తగానే తీసుకుంది.

అప్పుడు.

*

పిల్లకి తొమ్మిదేళ్ళు.

నాన్న వడ్రంగి. ఆయన చిత్రిక పడుతుంటే ఆ పక్కనే పొట్టులో కూర్చుని ఆడుకునేది. ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా చెక్కపొట్టే. ఆయన దాన్ని పేరు పెట్టి పిలవడం మానేసి "పొట్టూ" అని పిలిచేవాడు. వీధంతా అలాగే పిలిచింది.

లెక్కలు చేస్తున్నప్పుడు పెన్ను చెంపకు ఆనించి ఆలోచించేది. ఆ పెన్ను కారేది. రోజూ సాయంత్రం చెంప చివర, చెవి కింద, ఒక సిరా మరక. రోజూ తల్లి బొటనవేలు నాలుక మీద తడి చేసుకునేది. రుద్దేది.

"ఛీ... ఎంగిలి!" అని పిల్ల మెడ తిప్పేసేది.

"నా ఎంగిలి నీకు ఎంగిలా?" అని ఇంకాస్త గట్టిగా రుద్దేది.

తొమ్మిది రోజుల జ్వరం. పదో రోజు పిల్ల లేదు.

ఉన్నది ఒక్కటే ఫొటో. రీలు చివర ఒక ఫ్రేము మిగిలిపోతే, పారేయడమెందుకని స్టూడియో పెద్దాయన సరదాగా తీసింది. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. తెలుపు, నలుపు, మధ్యలో బూడిద.

చుట్టాలు వచ్చారు. ఫొటో ఏదని అడిగారు.

దుఃఖంలో ఉన్న మనిషికి చేతులే దిక్కు. చేతులకు తెలిసిన పనే తెలుసు. ఆమె బల్ల ముందు కూర్చుంది. పుల్లకి దూది చుట్టింది. గౌనుకు నీలం. గుమ్మానికి ఇటుకరంగు. తర్వాత చెయ్యి తనంతట తనే వెళ్ళి ఒక సీసా అందుకుంది, మూత తీసింది, ముంచింది, చెంప మధ్య పెట్టి అంచులకి నెట్టింది.

కళ్ళు మూసుకుని వేసేసింది.

"ఎంత బాగా తీర్చావు వదినా! దొరలబిడ్డలా ఉంది" అంది ఆడపడుచు. అంతా తలలూపారు. అంతా కళ్ళొత్తుకున్నారు.

ఆయన వచ్చాడు. నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరీ పిల్ల?" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేది. ఆయన నిజంగానే, తెలియక అడిగినట్టు అడిగాడు. అడిగి, కింద కొట్టులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి చిత్రిక చప్పుడు మొదలైంది. ఆ రోజు ఆయన ఏ పనీ ఒప్పుకోలేదు. ఊరికే ఒక చెక్కను సన్నబడేదాకా చిత్రిక పట్టాడు.

ఆమె తడిదూదితో తుడిచి చూసింది. రంగు కాగితంలోకి దిగిపోయింది. ఇంకా రుద్దితే చెంప దగ్గర కాగితం నూగు లేచింది. భయపడి ఆపేసింది. నెగెటివ్ కోసం పరిగెత్తింది. ఆ ఏడాది వానకు స్టూడియోలోకి నీళ్ళొచ్చి, అట్టపెట్టెల్లోని నెగెటివ్‌లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయి ఉన్నాయి.

గులాబి పిల్ల గోడెక్కింది.

పొద్దున లేస్తే గులాబి పిల్ల. అన్నం దగ్గర గులాబి పిల్ల. చూసీ చూసీ... ఒకరోజు కళ్ళు మూసుకుని పొట్టును తలుచుకుంటే, లోపల కూడా గులాబి పిల్లే వచ్చింది.

బిడ్డను జ్వరం ఒకసారి తీసుకుపోయింది. రెండోసారి తీసుకుపోయింది తనే.

*

ముప్ఫై ఒక్క ఏళ్ళు.

ఆయన కుర్చీ ఆ గోడకు వీపు పెట్టే ఉంది. ఇల్లు ఎన్నిసార్లు సర్దినా ఆ కుర్చీ అటు తిరగలేదు. ఇద్దరూ అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు. కారే కుళాయి గురించి, పెరిగే అద్దె గురించి, ఆయన మోకాళ్ళ గురించి, ఆమె దగ్గు గురించి. ఆ పిల్ల గురించి మాత్రం ఒక్క మాట లేదు. పొట్టు అన్న మాటే ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

కలర్ ఫొటోలు వచ్చాయి. స్టూడియో మూతపడింది. పొడిరంగులూ బంకా సీసాలూ ఆమె ఇంటికి తెచ్చుకుంది. 'ముఖం' సీసా మాత్రం దారిలో మురిక్కాలవలో వంచేసింది. వాన పడేదాకా ఆ కాలవ సిగ్గుపడుతున్నట్టే ఉంది.

పిల్లది తల్లి పోలికే అనేవారు అందరూ. అయితే ఆ రంగు తన ముఖంలో ఎక్కడో ఉండి తీరాలి. అద్దం పెట్టుకుంది. వెతకడం మొదలుపెట్టింది.

మొదట గోధుమరంగులే కలిపింది. కలిపిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల వచ్చేది. ఎదురింటివాళ్ళ పిల్ల. బస్సులో చూసిన పిల్ల. పొట్టు రాలేదు.

దాంతో, గుర్తున్నవే వేసింది. వెలుతురుకు అడ్డంగా గుమ్మంలో నిలబడితే చెవి ఎర్రగా వెలిగేది — ఆ ఎరుపు గుర్తుంది. పెన్ను కొరికిన పెదాల మీద సిరా — ఆ నీలం గుర్తుంది. దీపం కింద లెక్కలు చేసే నుదురు — ఆ పసుపు గుర్తుంది. జ్వరం తొమ్మిదో రోజున కళ్ళ కింద పచ్చ... అది మరిచిపోదామన్నా పోదు. అవన్నీ తన ముఖం మీదే వేసుకుంది. చూసేవాళ్ళకి అది పిచ్చి. ఆమెకు అందులో ఒక్క గీత కూడా కల్పన కాదు.

కానీ అవన్నీ వచ్చిపోయే రంగులు. వాటి అడుగున రోజూ ఉండే రంగు... అది ఏది?

రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు? నీ ఇంటి తలుపు ఏ రంగు అంటే తడుముకోకుండా ఎంతమంది చెబుతారు?

చెక్కలు ఆయనే కోసి ఇచ్చేవాడు. అడక్కముందే. నాలుగు అంచులూ నున్నగా చేసి, గోడకి ఆనించి వెళ్ళిపోయేవాడు. వాటి మీద ఆమె ఏం వేస్తోందో ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ అడగలేదు. మాటలు కరువైన ఇంట్లో ఆ నున్నటి అంచులే మాటలు. ఆమె వాటిని చేత్తో తడిమి చూసుకునేది.

ఒకసారి ఒక చెక్కను బాల్కనీలో ఆరబెడితే వీధిలో పోతున్న అమ్మాయి తలెత్తి చూసింది. ఆ అమ్మాయే గ్యాలరీ అమ్మాయి. అప్పట్నుంచి ఒక్కొక్కటీ తీసుకుపోతోంది. పదహారూ వెళ్ళిపోయాయి. ఆమెకేమీ అనిపించలేదు. దొరకనిది ఎవరింట్లో ఉంటే ఏం? పదిహేడోది కూడా పూర్తికాకముందే చూసి, ఫొటో తీసుకుని, మాట తీసుకుని వెళ్ళింది. గురువారం పొద్దున వ్యాన్ వస్తుంది.

*

బుధవారం మధ్యాహ్నం.

కుంచె తుడిచే గుడ్డ కనబడలేదు. చెంప కింద ఎలాగూ మళ్ళీ వేయాల్సిందే కదా అని, కుంచెను అక్కడే తుడిచేసింది. ఆ వైపూ ఈ వైపూ. వేలెడు మేర. తర్వాత కిటికీ తెరవడానికి లేచింది.

ఆయన టేపు పట్టుకుని వచ్చాడు. "ఫ్రేము కావాలందట ఆ గ్యాలరీ పిల్ల. కొలత తీసుకుంటా" అన్నాడు.

టేపు లాగాడు. పైఅంచు కొలిచాడు. పక్కఅంచు కొలిచాడు. కింద అంచుకు వంగాడు. వంగినవాడు లేవలేదు.

టేపు చేతిలోంచి జారి సర్రున చుట్టుకుపోయింది.

"ఏమండీ? నడుం పట్టిందా?"

ఆయన వేలు ఎత్తాడు. చెవి కింద, చెంప చివర, కుంచె తుడిచిన చోటు.

"ఇది" అన్నాడు.

"ఏది?"

"ఇదే." వేలు తియ్యలేదు. "ఇదే... పొట్టు."

ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట.

ఆమె చూసింది. ముందు ఏమీ కనిపించలేదు. పచ్చ, ఎరుపు, మురికినీళ్ళు కలిసిన ఒక మడ్డిరంగు. ఆమె లోపల గులాబి పిల్లే నిలబడి ఉంది. గుర్తుపట్టలేకపోతున్నందుకు ఆమెకు భయం వేసింది. కన్నతల్లి అయ్యుండి...

చెయ్యి మాత్రం ఆగలేదు. బొటనవేలు నాలుక మీదికి వెళ్ళింది. నాలుక మీంచి ఆ చెంప మీదికి వెళ్ళింది. చెవి కింద. అదే చోటు. అదే ఒంపు.

వేలు గుర్తుపట్టింది.

వేలు గుర్తుపట్టాక, నెమ్మదిగా, కన్నూ గుర్తుపట్టింది. సిరా మరక పోయాక కింద తడితడిగా మెరిసే చెంప. ఛీ ఎంగిలి అని తిప్పేసే మెడ. ఆ చెంప రంగు. ఇదే. ఇదే. ఇదే.

ఇద్దరూ నేల మీద కూర్చుండిపోయారు. ఆమె ఆయన భుజం పట్టుకుని ఏడ్చింది. ఆయన ఏడవలేదు. టేపును బయటికి లాగుతూ, వదులుతూ కూర్చున్నాడు.

"ఆ ఫొటో చూసి నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు టేపు పక్కన పెట్టి.

"నేను ఆ రంగు వేయకుండా ఉండాల్సింది" అంది ఆమె.

కిటికీలోంచి గాలి వస్తోంది. బంకలో కలిపిన పొడిరంగు ఆరడానికి ఎంతసేపు?

ఆరిపోయింది.

ఆరగానే సుద్ద పట్టింది. బూడిద తేలింది. బస్సులో చూసిన పిల్ల ఒకతె అక్కడికొచ్చి కూర్చుంది.

ఆమె లేచి కలపడం మొదలుపెట్టింది. కుంచెకు ఏమేం ఉన్నాయి అప్పుడు? పచ్చ. దాని ముందు ఎరుపు. దాని ముందు... నీలం కడిగిన నీళ్ళు. ఎంత ఎరుపు? ఎన్ని నీళ్ళు? కలిపింది. పక్కన వేసి చూసింది. కాదు. మళ్ళీ కలిపింది. కాదు. పళ్ళెం నిండిపోయింది. ఊరి పిల్లలందరూ వచ్చారు. పొట్టు రాలేదు.

"తడిపి చూడవే" అన్నాడు ఆయన వెనకనుంచి. "కర్రయినా అంతే. పాలిష్ పెట్టకముందు తడిగుడ్డ రాస్తేగానీ అసలు రంగు కనపడదు."

తడిపింది.

వచ్చింది. పిలిస్తే పక్కగదిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఉంది... ఉంది... ఆరింది. వెళ్ళిపోయింది.

మళ్ళీ తడిపింది. మళ్ళీ వచ్చింది. ఈసారి వేలి మీద కూడా కొంచెం వచ్చింది. బంకరంగు కదా, తడిపినప్పుడల్లా కొంత ఊడుతుంది. చెక్క మీద ఆ మేరకు తగ్గుతుంది.

వార్నిష్ పూస్తే తడి తడిలాగే నిలుస్తుందని ఆమెకు తెలుసు. ఏడాది తిరిగేసరికి అది పసుపెక్కుతుందనీ తెలుసు. స్టూడియోలో వార్నిష్ పూసిన పెళ్ళికూతుళ్ళందరికీ కామెర్లు వచ్చాయి. మళ్ళీ ఒక సీసా, మళ్ళీ ఒక పూత, మళ్ళీ ఎవరో పిల్ల... ఆ చెయ్యి ఇక లేవదు.

గ్యాలరీ అమ్మాయికి ఫోన్ చేసింది.

"ఇదొక్కటీ నేను ఉంచుకోనా అమ్మా?"

"అయ్యో ఆంటీ! పుస్తకం కవర్ మీద అదే వేశాం. ఆహ్వానాల మీద కూడా అదే. రేపు సాయంత్రమే కదా ప్రదర్శన మొదలు. మీరు మాటిచ్చారు కూడా..."

"ఇచ్చాను" అంది. ఇచ్చినమాట నిజమే. ఆ గొంతులో మోసం కూడా లేదు. "అక్కడ ముట్టుకోనిస్తారా?"

"దేన్ని?"

"బొమ్మని."

అవతల నవ్వు. "ఎంతమాట! ముందు తాడు కడతాం ఆంటీ, కాపలామనిషి ఉంటాడు. ఎవర్నీ వేలు కూడా వేయనివ్వం. మీరేం బెంగపెట్టుకోకండి."

ఆమె ఫోన్ పెట్టేసింది.

*

గురువారం పొద్దున ఆమె లేచి వచ్చేసరికి ఆయన కుర్చీ తిరిగి ఉంది.

గోడ వైపు కాదు. గులాబి పిల్ల వైపు కాదు. చెక్క వైపు.

ఆయన అందులో కూర్చుని ఉన్నాడు. కొత్త ఫ్రేము ఒళ్ళో ఉంది. నాలుగు మూలలూ అతికినచోట గోరు కూడా దూరదు. బిగించడమే తక్కువ. బిగించలేదు.

చెక్క మీద ముసలావిడ నీలం పెదాలతో, ఎర్ర చెవితో చూస్తోంది. చెవి కింద బూడిదరంగు మచ్చ. నిన్నటికన్నా పల్చగా ఉంది. ఒకటి రెండుచోట్ల చెక్క చారలు కనిపిస్తున్నాయి.

ఇలాగే పంపేస్తే, ఆ కాస్త రంగూ ఆ చెక్క మీద పదిలంగా ఉంటుంది. తాడు వెనక. ఆరిపోయి. ఎవరూ తడపరు కాబట్టి ఎప్పటికీ ఊడదు. ఎప్పటికీ రాదు.

కింద వ్యాన్ ఆగింది. తలుపు పడిన చప్పుడు. వీధిలో గ్యాలరీ అమ్మాయి ఎవరికో జాగ్రత్తలు చెబుతోంది — అడ్డంగా పట్టుకోవాలి, వేళ్ళు అంచుల మీదే ఉండాలి, ముఖం మీద పడకూడదు.

ఆమె ఆయన కుర్చీ పక్కన నిలబడింది. ఫ్రేము అంచు చేత్తో తడిమింది. నున్నగా ఉంది.

"ఇంకొక్కసారి" అన్నాడు ఆయన.

"ప్రతిసారీ కొంచెం పోతోందండీ."

"తెలుసు."

"ఇంక రెండుసార్లో... మూడుసార్లో."

"తెలుసే."

మెట్ల మీద అడుగులు. ఇద్దరివి. మొదటి మలుపు. రెండో మలుపు.

ఆయన ఫ్రేము నేల మీద పెట్టి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని, ఆమె కూతురి చెంప రుద్దింది.